600 మందిని ఫాలో అవుతున్నా, నేర్చుకున్నది మాత్రం సున్నా. తప్పు ఎక్కడ?

ఆరోతరగతి_టీచర్ | సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. ఆరో తరగతికి లెక్కలు చెబుతాను, ఇది నాలుగో ఏడు. మా స్కూల్లో లెక్కల టీచర్‌ని నేనొక్కదాన్నే. పాఠంలో ఎక్కడైనా ఇరుక్కుంటే అడగడానికి పక్కన ఎవరూ ఉండరు. ఒక ట్రైనింగ్‌లో "పీఎల్‌ఎన్ పెంచుకోండి" అన్నారు. అంటే పర్సనల్ లెర్నింగ్ నెట్‌వర్క్. ఎవరి దగ్గర నేర్చుకోవాలో మనమే ఏరుకుని కట్టుకునే సర్కిల్ అట. సరే అని మూడు నెలల్లో ఎక్స్‌లో 600 మందిని ఫాలో అయ్యాను. ఫేస్‌బుక్‌లో 11 గ్రూపులు, టెలిగ్రామ్‌లో 4 ఛానెళ్లు. వాట్సాప్ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ఇప్పటికి సేవ్ చేసుకున్న పోస్టులు 340. మళ్లీ తెరిచి చూసినవి ఐదో ఆరో. పడుకునే ముందు ఫోన్ తీస్తే అందరి క్లాసులూ రంగురంగుల చార్టులతో వెలిగిపోతుంటాయి, నాదొక్కటే వెలవెలబోతున్నట్టు ఉంటుంది. నేర్చుకోవడం దేవుడెరుగు, టెన్షన్ మాత్రం పెరిగింది. ఎలా చేయాలో కాస్త చెప్పండి.

పాతచాక్‌పీస్ | రాత్రి 10:05

అమ్మా, 600 మంది ఉంటే దాన్ని సర్కిల్ అనరు, బస్టాండు అంటారు. ఒక్క మాట అడుగుతాను. ఆ 600 మందిలో మీరెవరో తెలిసినవాళ్లు ఎంతమంది? పేరు అక్కర్లేదు, "ఆరో తరగతికి లెక్కలు చెప్పే ఆవిడ కదా" అని గుర్తుపట్టేవాళ్లు చాలు.

ఆరోతరగతి_టీచర్ | రాత్రి 10:11

ఒక్కరు కూడా లేరు మాస్టారూ. నేనింతవరకు ఎక్కడా ఏమీ రాయలేదు.

పాతచాక్‌పీస్ | రాత్రి 10:34

మరి అక్కడే ఉంది చిక్కు. నా కథ కొంచెం చెబుతాను, విసుక్కోకండి.

2009లో టామ్ విట్బీ, షెల్లీ టెరెల్, స్టీవెన్ ఆండర్సన్ అనే ముగ్గురు ట్విట్టర్‌లో (ఇప్పటి ఎక్స్) #ఎడ్‌చాట్ అని మొదలుపెట్టారు. వారానికోసారి, మంగళవారం, ఒక గంట. ఆ వారానికి ఒక విషయం. టీచర్లందరూ ఆ హ్యాష్‌ట్యాగ్ పెట్టి మాట్లాడుకునేవాళ్లు. అప్పట్లో ట్వీటుకి 140 అక్షరాలే, దంచి కొట్టే ఉపన్యాసాలకు చోటు లేదు. నేను కొన్ని నెలలు గోడకి ఆనుకుని విన్నాను. ఒకరోజు మాత్రం "గ్రూప్ వర్క్‌లో ఒక్కడే పని చేసి ముగ్గురు కూర్చుంటున్నారు, మీరేం చేస్తారు?" అని అడిగాను. తొమ్మిది జవాబులు వచ్చాయి. వాటిలో రెండు పనికొచ్చాయి. ఆ రెండు రాసినవాళ్లతో ఈరోజుకీ మాట్లాడుతున్నాను. ముఖాముఖి ఎప్పుడూ కలవలేదు.

నా నెట్‌వర్క్ అలా పుట్టింది. ఫాలో బటన్‌తో పుట్టలేదు. పనికొచ్చే ప్రశ్న అడిగి, వచ్చిన సలహా క్లాసులో చేసి చూసి, తర్వాత వెళ్లి "ఇలా చేశాను, ఇదిగో ఇక్కడ పనిచేసింది, ఇక్కడ బెడిసికొట్టింది" అని చెప్పాను. చాలామంది ఈ ఆఖరి ముక్క ఎగ్గొడతారు. సలహా ఇచ్చినవాడు మనల్ని గుర్తుపెట్టుకునేది మాత్రం దానివల్లే.

ల్యాబ్‌కోటు | రాత్రి 10:52

నీళ్లు చల్లుతున్నానని అనుకోకండి. నేను ఫిజిక్స్ చెబుతాను, పదేళ్లుగా ఈ గ్రూపుల్లో తిరుగుతున్నాను. మాస్టారు చెప్పిన ఆ 2009 ఇప్పుడు లేదు. ఇప్పుడు ఫీడ్‌లో మీకేం కనపడాలో నిర్ణయించేది అల్గారిథమ్. దానికి కావలసింది చూడగానే వేలు ఆగే ఫొటో. పాఠం బాగా నడిచిన క్లాసు ఫొటోలో ఎలా ఉంటుంది? పిల్లలు తలలు వంచుకుని రాసుకుంటుంటారు. దానికి లైకులు రావు. చార్టులకు వస్తాయి.

ఇంకోటి. అబద్ధాలు కూడా ఇక్కడే తిరుగుతాయి. "చదివినదాంట్లో 10 శాతం, విన్నదాంట్లో 20 శాతం, చేసినదాంట్లో 90 శాతం గుర్తుంటుంది" అని ఒక పిరమిడ్ బొమ్మ చూడని టీచర్ ఉన్నారా? ఎడ్గర్ డేల్ అనే విద్యావేత్త 1946లో తన పుస్తకంలో ఒక శంఖువు బొమ్మ వేశాడు. అందులో ఒక్క అంకె కూడా లేదు. శాతాలు తర్వాత ఎవరో అతికించారు. ఇన్నేళ్ల తర్వాత కూడా నెలకోసారైనా మా గ్రూపులో ఆ బొమ్మ ప్రత్యక్షమవుతుంది, కింద నలభై చప్పట్లు.

బయాలజీ_మేడమ్ | రాత్రి 11:02

ఆ బొమ్మ నేనే రెండుసార్లు షేర్ చేశాను 🙈

ల్యాబ్‌కోటు | రాత్రి 11:04

నేనూ చేశాను మేడమ్, ఒకప్పుడు. "విజువల్ లెర్నర్, ఆడిటరీ లెర్నర్" అని, అంటే చూసి నేర్చుకునేవాళ్లు, విని నేర్చుకునేవాళ్లు అని, పిల్లల్ని విడదీసే క్విజ్ కూడా పెట్టాను. 2008లో పాష్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ తిరగేసి, పిల్లల్ని అలా విడదీసి చెబితే ఎక్కువ నేర్చుకుంటారనడానికి సరైన ఆధారం లేదని తేల్చింది. ఆ సంగతి నాకు చెప్పింది కూడా ఇలాంటి గ్రూపులో ఎవరో ముక్కూమొహం తెలియని మనిషే. అందుకే వీటిని పూర్తిగా వదిలేయలేకపోతున్నాను, అది వేరే సంగతి.

పుస్తకాలగది | మంగళవారం, ఉదయం 6:20

లైబ్రేరియన్‌ని, ఆలస్యంగా వచ్చాను. మాస్టారితో సగం ఏకీభవిస్తాను.

మార్క్ గ్రానొవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో ఒక వ్యాసం రాశాడు. దాని సారం ఏమిటంటే, మన దగ్గరి స్నేహితులకు తెలిసింది దాదాపు మనకీ తెలిసే ఉంటుంది, ఎందుకంటే అందరం ఒకే గుంపులో తిరుగుతాం. కొత్త కబురు తెచ్చేది అంతగా పరిచయం లేనివాళ్లు, అంటే ఇంకో గుంపులో కూడా కాలు పెట్టినవాళ్లు. మీ సర్కిల్‌లో పన్నెండు మందే ఉండి, ఆ పన్నెండు మందీ ఆరో తరగతి లెక్కల టీచర్లే అయితే, ఏడాదిలో అందరూ ఒకే వర్క్‌షీట్ వాడుతుంటారు. నా ఫీడ్‌లో ఒక నర్సింగ్ ట్యూటర్, ఒక మ్యూజిక్ టీచర్, ఒక మ్యూజియం గైడ్ ఉన్నారు. పెద్ద వస్తువుల ముందు పిల్లలు ఎందుకు ఆగరు, చిన్న వాటి ముందు ఎందుకు ఆగుతారు అని ఆ గైడ్ రాసిన నాలుగు ముక్కలు చదివాకే నా లైబ్రరీలో అరలు సర్దే పద్ధతి మార్చాను.

కాబట్టి దూరపువాళ్లు కూడా కావాలి. కాకపోతే వాళ్లందరినీ రోజూ చదవక్కర్లేదు. ఎక్స్‌లో "లిస్ట్" అనే సౌకర్యం ఉంది, చాలామంది దాని జోలికే పోరు. పదిహేను మందితో ఒక ప్రైవేట్ లిస్ట్ చేసుకోండి. అది తెరిస్తే వాళ్ల పోస్టులే వస్తాయి, రాసిన వరుసలో వస్తాయి. లిస్ట్‌లో వేసుకోవడానికి ఫాలో అవ్వాల్సిన పని కూడా లేదు. మిగతా 585 మంది ఎక్కడికీ పోరు, తీరిగ్గా ఆదివారం చూడొచ్చు.

చూస్తూపోతా | ఉదయం 7:15

నేను మామూలుగా రాయను. కానీ "ఏమీ రాయలేదు, అక్కడే చిక్కు" అన్నందుకు కొంచెం నొచ్చుకుని రాస్తున్నాను. ఆరేళ్లుగా ఈ వేదిక చదువుతున్నాను. ఇక్కడ చదివి నా పరీక్ష పేపర్లు మార్చాను, హోంవర్క్ తగ్గించాను, క్లాసు మొదట్లో ఐదు నిమిషాలు పుస్తకం మూయించి నిన్నటి పాఠం గుర్తుతెచ్చుకోమనడం మొదలుపెట్టాను. ఒక్క పోస్టూ పెట్టలేదు. నేను నేర్చుకోనట్టేనా?

పుస్తకాలగది | ఉదయం 7:40

ఎందుకు నేర్చుకోనట్టు! 2006లో జేకబ్ నీల్సన్ అనే వెబ్ నిపుణుడు 90-9-1 అని ఒక మోటు లెక్క చెప్పాడు. ఆన్‌లైన్ గుంపుల్లో నూటికి 90 మంది చూస్తారు, 9 మంది అప్పుడప్పుడు రాస్తారు, ఒక్కరే ఎక్కువ రాస్తారు. మీలాంటివాళ్లే ఎక్కువ. జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే పరిశోధకులు కూడా 1991లో ఇలా చూసి నేర్చుకోవడం గురించే చెప్పారు. దర్జీ దగ్గర పనికి చేరినవాడు మొదట అంచున ఉండి, చిన్న పనులు చేస్తూ, పెద్దవాళ్లు ఎలా చేస్తున్నారో చూస్తూ నేర్చుకుంటాడు. చూడటం కూడా పనిలో భాగమే. కాకపోతే అంచు నుంచి మెల్లగా లోపలికి జరగడం కూడా వాళ్లు చెప్పినదాంట్లో ఉంది 🙂

పాతచాక్‌పీస్ | ఉదయం 8:02

నొప్పించి ఉంటే క్షమించాలి. నేనన్నది అందరూ రాయాలని కాదు. ఆవిడకి "అడగడానికి పక్కన ఎవరూ లేరు" అన్నది బాధ. ఎంత చదివినా ఆ బాధ తీరదు, అడిగితేనే తీరుతుంది. మీకు ఆ బాధ లేదు కాబట్టి మీకు చదవడం సరిపోయింది.

వర్క్‌షీట్_వరల్డ్ | ఉదయం 8:30

[ప్రకటన కావడంతో ఈ పోస్టును తొలగించాం. మోడరేటర్]

బయాలజీ_మేడమ్ | మధ్యాహ్నం 1:10

రాయమంటున్నారు కదా, ఏం రాయకూడదో నేను చెబుతాను. పడ్డాను కాబట్టి చెబుతున్నాను.

రెండేళ్ల కిందట పరీక్షలో ఒక అబ్బాయి "మొక్కలు రాత్రిపూట మాత్రమే ఊపిరి పీలుస్తాయి" అని రాశాడు. పగలు కిరణజన్య సంయోగక్రియ, రాత్రి శ్వాసక్రియ అని డ్యూటీలు పంచుకున్నట్టు చాలామంది పిల్లలు అనుకుంటారు. నిజానికి మొక్క శ్వాస ఇరవై నాలుగు గంటలూ జరుగుతుంది. దీన్ని ఎలా సరిచేయాలో అడుగుదామని ఆ పేపర్ ఫొటో తీసి, పేరు మీద వేలు పెట్టి, గ్రూపులో పెట్టాను. మంచి ఉద్దేశమే. కింద మూలన రోల్ నంబర్ ఉంది, చూసుకోలేదు. ఆ గ్రూపులో వాళ్ల మేనమామ ఉన్నాడు. ఎవరో "ఎలాంటి ఆణిముత్యాలో" అని నవ్వు బొమ్మ పెట్టారు. సాయంత్రానికి ఆ నవ్వు బొమ్మ వాళ్లింటికి చేరింది.

మర్నాడు ఆ అబ్బాయి నా క్లాసులో చెయ్యెత్తలేదు. ఆ ఏడాదంతా ఎత్తలేదు. తిట్లు పడ్డాయి, సంజాయిషీ రాశాను, అవన్నీ మర్చిపోయాను. ఆ చెయ్యి మాత్రం మర్చిపోలేదు.

ఇప్పుడు పిల్లల జవాబు ఏదైనా పెట్టాలంటే దాన్ని నా చేత్తో తెల్లకాగితం మీద తిరిగి రాసి, ఆ కాగితం ఫొటో పెడతాను. చేతిరాత కూడా గుర్తుపట్టేస్తారండీ. తరగతి, సెక్షన్, తేదీ ఏవీ చెప్పను. పరీక్ష అయిన వారంలోనే పెట్టను. ఫొటోలను డాక్యుమెంట్ రూపంలో అసలు పంపను, ఎక్కడ తీశామో ఆ లొకేషన్ కూడా ఫైల్‌లో దాగి వెళ్లిపోవచ్చు. పిల్లల ముఖాలైతే, ఇంట్లోవాళ్లు సరేనన్నా పెట్టను.

ఆరోతరగతి_టీచర్ | సాయంత్రం 5:45

బయాలజీ మేడమ్, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నా గ్యాలరీలో ఉన్న పేపర్ల ఫొటోలు ఇప్పుడే తీసేశాను.

లిస్ట్ కూడా చేశాను. 15 మంది దొరకలేదు, 9 మందే. 600 మందిలో తొమ్మిది మంది! మిగతావాళ్లను ఎందుకు ఫాలో అయ్యానో నాకే తెలియదు. మరి ఈ 340 సేవ్‌ల సంగతేం చేయను?

పాతచాక్‌పీస్ | సాయంత్రం 6:10

తీసేయండి. అన్నీ.

పుస్తకాలగది | సాయంత్రం 6:25

మాస్టారూ, లైబ్రేరియన్ ముందు అనాల్సిన మాటేనా అది! ఒకసారి కళ్లతో తిరగేసి, ఎందుకు దాచారో ఒక్క వాక్యం సొంతంగా రాయగలిగితే ఉంచండి, లేకపోతే వదిలేయండి. ఉంచినవాటిని మాత్రం ఆ యాప్‌లోనే వదిలేయకండి. నేను ఒకప్పుడు నా చదువంతా బ్లాగులన్నీ ఒకేచోట చూపించే గూగుల్ రీడర్‌లో పెట్టుకున్నాను, 2013 జులై 1న మూసేశారు. మంచి చర్చలన్నీ స్టోరిఫైలో దండలా గుచ్చుకున్నాను, 2018 మేలో అదీ పోయింది. గూగుల్ ప్లస్‌లో టీచర్ల గ్రూపులు కళకళలాడుతుండేవి, 2019 ఏప్రిల్‌లో వాటికీ తాళం పడింది. ఎక్స్ లాంటిదే, వేర్వేరు సర్వర్ల మీద నడిచే మాస్టోడాన్‌లో ఒక సర్వర్ నుంచి ఇంకోదానికి మారితే ఫాలోయర్లు మనతో వస్తారు, పాత పోస్టులు రావు. అద్దె ఇంట్లో ఉంటున్నామని గుర్తుంచుకుంటే చాలు. మనుషులు దొరికాక వాళ్ల ఈమెయిల్ అడిగి పెట్టుకోండి. నావరకు ఒక మామూలు నోట్సు పుస్తకమే ఎక్కువ కాలం నిలిచింది.

ల్యాబ్‌కోటు | సాయంత్రం 6:50

ఇన్ని మాటలు అనుకున్నాం కానీ ఆవిడ ఇంకా అసలు ప్రశ్న అడగలేదు. టీచర్ గారూ, ఈ వారం క్లాసులో మీరు ఇరుక్కున్నది ఏంటి? ఇక్కడే అడగండి. మాస్టారి పద్ధతి పనిచేస్తుందో లేదో చూద్దాం.

ఆరోతరగతి_టీచర్ | సాయంత్రం 7:15

సరే. మేడమ్ చెప్పినట్టు నా మాటల్లోనే రాస్తున్నాను.

½ + ⅓ ఎంత అంటే క్లాసులో సగం మంది 2/5 అంటారు. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో కూడేస్తారు. క.సా.గు. కనుక్కుని హారాలు సమానం చేయమని మూడు వారాలుగా చేయిస్తున్నాను. చేయిస్తున్నంతసేపూ చేస్తారు, 5/6 వస్తుంది. రెండు రోజులు గడిస్తే మళ్లీ 2/5. వినరా, అర్థం కాదా, నేనే సరిగ్గా చెప్పట్లేదా?

పాతచాక్‌పీస్ | సాయంత్రం 7:30

హారాల జోలికి వెళ్లకముందే ఒకటి అడగండి. "సగం ఉంది, దానికి ఇంకొంచెం కలిపాం. సగం కంటే పెరగాలా, తగ్గాలా?" పెరగాలంటారు. "మరి 2/5 సగం కంటే ఎక్కువా, తక్కువా?" అప్పుడు వాళ్లకే గొంతులో అడ్డం పడుతుంది. ఐదులో సగం రెండున్నర కదా. తప్పని మీరు చెప్పకండి, వాళ్ల నోటితోనే రానివ్వండి.

ల్యాబ్‌కోటు | సాయంత్రం 7:48

మాస్టారిది బాగుంది. కానీ పిల్లలకు ఆ అలవాటు ఎక్కడ అంటుకుందో వెతకాలి. నాకో అనుమానం. మీ దగ్గర దిద్దిన పేపర్ ఏదైనా ఉంటే మార్కుల దగ్గర చూడండి. మొదటి సెక్షన్‌లో 5కి 3, రెండో సెక్షన్‌లో 5కి 4. అది ఎలా రాస్తారు, మొత్తం ఎలా వేస్తారు?

ఆరోతరగతి_టీచర్ | సాయంత్రం 8:20

అయ్యో.

3/5, 4/5 అని ఎర్ర పెన్నుతో రాసి, కింద 7/10 అని గీత గీసి వేశాను. ముప్పై ఎనిమిది పేపర్ల మీద. నా చేత్తోనే. పైవి పైవాటితో, కిందవి కిందవాటితో!

ల్యాబ్‌కోటు | సాయంత్రం 8:31

నేనూ అలాగే వేస్తాను, అందుకే అడిగాను. పిల్లలు పిచ్చివాళ్లేం కాదు. వాళ్లు చేసిన పని ఇంకో ప్రశ్నకి సరైన జవాబు. రెండు ప్రశ్నల టెస్టులో ఒకటి కరెక్ట్, మూడు ప్రశ్నల టెస్టులో ఒకటి కరెక్ట్, మొత్తం మీద ఐదు ప్రశ్నల్లో రెండు కరెక్ట్. ఇందులో తప్పేముంది?

బయాలజీ_మేడమ్ | సాయంత్రం 8:40

ల్యాబ్‌కోటు గారూ, "వీటివల్ల ఉపయోగం లేదు" అని మొదట చెప్పింది మీరేనా?

ల్యాబ్‌కోటు | సాయంత్రం 8:42

ఫీడ్ గురించి అన్నాను. ఇది ఫీడ్ కాదుగా.

ఆరోతరగతి_టీచర్ | గురువారం, సాయంత్రం 6:05

మాస్టారు చెప్పారు కదా, వెళ్లి చేసి వచ్చి చెప్పమని. చెబుతున్నాను.

బుధవారం మాస్టారి ప్రశ్నతో మొదలుపెట్టాను. "పెరగాలి" అని అందరూ అరిచారు. 2/5 ఎక్కువా తక్కువా అనేసరికి నిశ్శబ్దం. ఒకే పొడవున్న కాగితపు పట్టీలు ఇచ్చాను. ఒకదాన్ని రెండుగా, ఒకదాన్ని మూడుగా, ఒకదాన్ని ఐదుగా మడవమన్నాను. ఐదుగా మడవడం వాళ్ల వల్ల కాలేదు, స్కేలు పెట్టి గీసుకున్నారు, అక్కడే పది నిమిషాలు పోయాయి. మీరెవరైనా చేస్తే ఐదు భాగాల పట్టీ ముందే గీసి ఇవ్వండి. సగం పట్టీ పక్కన 2/5 పట్టీ పెట్టగానే వెనక బెంచీలోంచి "ఇది చిన్నగా ఉంది టీచర్, కలిపితే తగ్గిందేంటి?" అని వినిపించింది. అంతవరకూ గాల్లో తేలాను.

ఇవాళ ఒకమ్మాయి తన పేపర్ తీసుకొచ్చి నా టేబుల్ మీద పెట్టింది. 3/5, 4/5, 7/10. "మరి మీరు కూడిన ఇది కూడా తప్పేనా టీచర్?" అంది. పైగా క్లాసంతా వింటోంది. రేపు చెబుతానని తప్పించుకున్నాను. ఇక్కడ చదివింది గుర్తుంది కానీ పదకొండేళ్ల పిల్లకి దాన్ని ఏ మాటల్లో చెప్పాలో తోచలేదు.

పాతచాక్‌పీస్ | సాయంత్రం 6:30

భలే పిల్ల! నాక్కూడా వెంటనే తోచట్లేదు, ఆలోచిస్తాను.

చూస్తూపోతా | సాయంత్రం 7:55

నేను రాయనని చెప్పాను, కానీ ఇది చదివి ఊరుకోలేకపోయాను. నేను కూడా లెక్కలే చెబుతాను.

మార్కులను మనం నోటితో ఎలా చదువుతాం? "ఐదులో మూడు, ఐదులో నాలుగు." ఆ అమ్మాయిని కూడా పైకి చదవమనండి. తర్వాత "మొదటి ఐదు, రెండో ఐదు ఒకటేనా, వేరు వేరా?" అని అడగండి. వేరు, రెండు సెక్షన్లు. అందుకే రెండు ఐదులూ కలిసి పది అయ్యాయి, మనం కూడింది సరైనదే. ఇప్పుడు పట్టీల దగ్గరికి రండి. సగం ఎందులో సగం? ఒక పట్టీలో. మూడో వంతు ఎందులో? అదే పొడవు పట్టీలో. జవాబు కూడా ఆ ఒక్క పట్టీ కొలతలోనే చెప్పాలి, పట్టీ మారదు. మార్కుల్లో పట్టీలు రెండు, వాటిని చివర చివర అతికించి పొడుగుపాటి పట్టీ చేశాం. కావాలంటే మీ దగ్గరున్న రెండు పట్టీలు తీసుకుని ఒక్కోటి ఐదుగా గీసి, ఒకదాంట్లో మూడు గళ్లు, ఇంకోదాంట్లో నాలుగు గళ్లు రంగు వేయించి, టేపుతో అతికించి చూపించండి. పదిలో ఏడు కళ్లముందే కనపడుతుంది.

ఇంకోటి, నేనైతే ఇకనుంచి పేపర్ మీద అడ్డగీత వేయను. 3 అని రాసి పక్కన బ్రాకెట్‌లో 5 వేస్తాను. పట్టీలు అతికించాక ఆ అమ్మాయి ఏమందో రేపు ఇక్కడ రాయండి, చూస్తుంటాను.